తాయిలం

బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో
జిరాక్సు షాపు మీద, ఇనప మెట్లెక్కితే
ఐదు టేబుళ్ల హోటలు.
బోర్డు మీద 'థాయ్' అని ఉంటుంది.
మా మస్తాన్‌వలీ చిన్నకూతురు దాన్ని
తాయిలం అని చదివింది,
చివరి అక్షరం వానకి పోయిందనుకుంది.
అప్పట్నుంచీ మా కాటా దగ్గర దాని పేరు అదే.

మే నెల. యార్డుకి సెలవులు.
ఇరవై రెండేళ్లు టిక్కీలు తూచి తూచి
నా ముక్కు ఎప్పుడో రాజీనామా ఇచ్చింది.
పప్పు మాడినా, పక్కింట్లో సంపెంగ విరిసినా
నాకొకటే.
తుమ్ములు కూడా రావడం మానేశాయి, పాత చుట్టాల్లా.
"వాసన తెలీనోడికి ఏ హోటలైతే ఏంటిరా" అంటే
"ఖర్చు నాది, పద" అన్నాడు మస్తాను.
అన్నాడే గానీ
మెనూ కార్డులో కుడిపక్క అంకెలే చదివాడు.

వంటావిడ పేరు నోక్ అట.
వాళ్ల భాషలో పిట్ట.
వీధి వీధంతా నూకమ్మ అంటుంది,
పలుకుతుంది.
గల్లా దగ్గర మొగుడు కోటేశ్వరరావు.
బ్యాంకాక్‌లో రాళ్లు పొదిగే పనికెళ్లి
ఆవిడతో తిరిగొచ్చాడు,
రెండు పెట్టెలు, ఒక రాతి రోలుతో.
అంత దూరం నుంచి రోలు మోయడమేంటని
అత్తగారడిగితే
"మీ రోళ్లు లోతు లేవు" అందట,
తెలుగొచ్చిన మొదటి నెలలోనే.

"కారం ఎంతెయ్యమంటారు?"
మస్తాను కాలరెగరేశాడు:
"నూకమ్మా, మేం మిర్చి యార్డోళ్లం తల్లీ."
ఆవిడ ఏమీ అనలేదు, లోపలికెళ్లింది.
రోట్లో దంచుతున్న చప్పుడు.
కాసేపు ఏ ఊళ్లో ఉన్నామో తెలీలేదు.

పచ్చి బొప్పాయి తురుము, వేయించిన వేరుశనగలు,
చిటికెనవేలి గోరంత మిరపకాయలు.
మూడో చెంచాకి మస్తాను మాట ఆగింది.
నాలుగోదానికి
నా ముందున్న నీళ్ల జగ్గు మాయమైంది.
తేజానీ బ్యాడిగీనీ చీకట్లో తడిమి
రేటు చెప్పగల మనిషి
గోరంత కాయకి రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

నాకు సూపొచ్చింది.
వేడి తెలిసింది, పులుపు తెలిసింది.
ఆ తర్వాత గోడ.
"బాలేదా?" అంది.
ముక్కు సంగతి చెప్పాను,
ఎప్పుడూ చెప్పేట్టు జోకులా కాకుండా.
లోపల్నుంచి ఒక దుంప తెచ్చి
గోటితో గిల్లి నా ముక్కు కింద పెట్టింది.
అల్లం కాదు, అల్లానికి వరసయ్యేదేదో.
కోటేశ్వరరావు గల్లా దగ్గర్నుంచే అరిచాడు:
"దుంపరాష్ట్రం గురూగారూ!
పట్నంబజారు మూలికల కొట్లో దొరుకుద్ది."

దగ్గొస్తే అరగదీసి నాలిక్కి రాసే దుంప,
ఇక్కడ కొబ్బరిపాలల్లో దర్జాగా ఈదుతోంది.

పీల్చాను.
వచ్చిందని అబద్ధం చెప్పను.
ఎక్కడో, మూసిన తలుపవతల
ఎవరో గొంతు సవరించుకున్నట్టు,
అంతే.
మళ్లీ పీలిస్తే లేదు.
మూడోసారి పీల్చడానికి భయమేసింది.

పదిన్నరకి షట్టరు సగం దించారు.
నూడుల్సుతో మా కుస్తీ ఇంకా తేలలేదు.
మూల టేబుల్ దగ్గర
నూకమ్మ తన అన్నానికి కూర్చుంది.
వెదురుబుట్టలో జిగురన్నం.
కుడిచేత్తో ఇంత ముద్ద తీసి
వేళ్లతో నొక్కి, గుండ్రంగా చేసి
గోంగూర పచ్చడిలో అద్దుకుంది.
మస్తాను ఫోర్కు పక్కన పెట్టేశాడు.
నేనూ పెట్టేశాను.

బిల్లు చివరికి నేనే కట్టాను.
మెట్ల దగ్గర
అరిటాకు పొట్లం ఒకటి చేతిలో పెట్టింది నూకమ్మ,
మొన్నొచ్చిన పిల్లకట.
"తాయిలం" అంది.
ఆ మాట ఆవిడకెవరు చెప్పారో.

స్కూటర్ వెనక కూర్చుని
మూడు వంతెనలు దాటేదాకా
పొట్లాన్ని మొహానికి ఆనించుకునే ఉన్నాను.
మస్తాను అద్దంలో చూశాడు,
ఏమీ అడగలేదు.